విక్కా సామగ్రి పెట్టె: వస్తువులు మంచివే, వాటి మీది రాతలే ప్రమాదకరం

‘విక్కా ఆరంభ సామగ్రి’ అనే పేరుతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక పెట్టెను అక్టోబరులో నల్లగొండలోని మా ఇంటికి తెప్పించాను. ధర 1,899 రూపాయలు. అందులో ఐదు కోణాల నక్షత్రం ఉన్న లాకెట్, నల్ల పిడి చిన్న కత్తి, ఇత్తడి పానపాత్ర, రంగురంగుల కొవ్వొత్తులు, అగరుబత్తీల కట్ట, ఒక ఖాళీ నోటు పుస్తకం, తెలుగులో అచ్చువేసిన చేతి పుస్తకం ఉన్నాయి. వస్తువుల నాణ్యత మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. పెట్టె మీద వేసిన బొమ్మలు, చేతి పుస్తకంలోని రాతలు మాత్రం విక్కా అనే మతాన్ని, దాన్ని నమ్ముకున్న మనుషులను అన్యాయంగా అవమానిస్తున్నాయి. మన ప్రాంతంలోనైతే అవి ఏ పాపం ఎరుగని మనిషి ప్రాణం మీదికి కూడా తేగలవు.

ఎందుకు కొన్నానో ముందు చెప్పాలి. మా అక్క కూతురు టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నది. బంధువుల పెళ్లికి వస్తూ, తనతో ఒకే ఇంట్లో ఉండే స్నేహితురాలిని కూడా వెంట తీసుకొచ్చింది. ఆ అమ్మాయి విక్కా మతాన్ని పాటిస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లండులో రూపుదిద్దుకున్న, ఒక దేవతను, ఒక దేవుడిని కొలిచే మతం అది. అక్టోబరు 31 రాత్రి వారికి సావిన్ అనే పండుగ. గతించిన పెద్దలను తలుచుకునే రోజు. ఆ రోజుకు ఆమె మా ఇంట్లోనే ఉంటుందని తెలిసి, ఇంటికి వచ్చిన అతిథి తన పండుగను తాను చేసుకోవడానికి ఇబ్బంది పడకూడదని, మా అక్క కూతురిని (నాకు మా అమ్మాయే) ఫోనులో అడిగి ఏమేమి కావాలో రాసుకుని, అవన్నీ ఒకేచోట దొరుకుతున్నాయని ఈ పెట్టెను ఎంచుకున్నాను.

పెట్టె వచ్చిన తీరుతోనే ఇబ్బంది మొదలైంది. పైన మామూలు కాగితం కూడా చుట్టకుండా, అమ్మకపు అట్టపెట్టెనే నేరుగా పంపించారు. నల్లటి అట్ట మీద ఎర్రటి పుర్రె, దాని కింద సూదులు గుచ్చిన మనిషి బొమ్మ, ఒక పక్కన తలకిందులైన నక్షత్రంలో మేక తల, వీటన్నిటి మీద పెద్ద అక్షరాల్లో ‘పాశ్చాత్య చేతబడి రహస్యాలు’ అనే తెలుగు మాటలు. కొరియర్ అబ్బాయి దాన్ని చేతికి ఇవ్వకుండా ప్రహరీ గోడ మీద పెట్టి, దూరం నుంచే ఓటీపీ అడిగి వెళ్లిపోయాడు. ఎదురింటామె గేటు దగ్గరికి వచ్చి, “టీచరమ్మా, గదేం డబ్బా? పుర్రె బొమ్మున్నది, ఎవలన్న పంపిన్రా, మీరే తెప్పిచ్చుకున్నరా?” అని అడిగింది. ఆమె గొంతులో కుతూహలం కంటే భయమే ఎక్కువగా వినిపించింది. మరునాడు మా ఇంట్లో పనిచేసే ఆమె రాలేదు. ఫోను చేస్తే, వాళ్ల అత్త వద్దన్నదని చెప్పింది.

నేను ఈ ఊళ్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైన దాన్ని. మా వీధిలో సగం మంది పిల్లలు నా దగ్గర చదువుకున్నవారే కనుక నేను చెబితే వింటారు. ఇదే పెట్టె ఏ దేవరకొండ తండాలోనో, ఏ అచ్చంపేట పల్లెలోనో ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలామె ఇంటి ముందు దిగి ఉంటే ఏమయ్యేదో ఆలోచించకుండా ఉండలేకపోయాను. దక్షిణ తెలంగాణ పల్లెల్లో బాణామతి చేస్తున్నారనే అనుమానంతో మనుషులను కట్టేసి కొట్టిన, పళ్లు ఊడగొట్టిన, ప్రాణాలు తీసిన సంఘటనలు మనం పత్రికల్లో చదివినవే. అనుమానం పడేది దాదాపు ఎప్పుడూ దిక్కులేని వాళ్ల మీదనే: భర్త పోయిన ఆడవాళ్లు, భూమి తగాదా ఉన్నవాళ్లు, ఎవరితోనూ కలవని ముసలివాళ్లు. ఇంట్లో పిల్లవాడికి జ్వరం తగ్గకపోయినా, గొడ్డు చచ్చిపోయినా కారణం వెదకడానికి డాక్టరు దగ్గరికి పోకుండా పక్కింటి వైపు చూసే ఊళ్లు ఇంకా ఉన్నాయి. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు, పోలీసు కళాబృందాలు ఊరూరా తిరిగి చెబుతున్నది అలా పక్కింటివాళ్లను అనుమానించవద్దనే. ఇలాంటి హత్యలను ఆపడానికి బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో ప్రత్యేక చట్టాలు చేయవలసి వచ్చింది; మహారాష్ట్రలో మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్ 2013 ఆగస్టులో పుణెలో హత్యకు గురైన తర్వాతనే మూఢనమ్మకాల వ్యతిరేక చట్టం వచ్చింది. ఇంత నేపథ్యం ఉన్న దేశంలో, సాక్షాత్తూ ‘చేతబడి’ అనే మాటను తెలుగులో అచ్చువేసి, పైన చుట్టు కాగితం కూడా లేకుండా ఇంటింటికీ పంపడం క్షమించదగిన అజాగ్రత్త కాదు.

ఈ అనుమానం చదువు లేని పల్లెలకే పరిమితమనుకోవడం కూడా సరికాదు. అమెరికాలోని అర్కాన్సాస్ రాష్ట్రం వెస్ట్ మెంఫిస్‌లో 1993లో ముగ్గురు చిన్న పిల్లలు హత్యకు గురైనప్పుడు, డేమియన్ ఎకల్స్ అనే 18 ఏళ్ల యువకుడిని పట్టుకున్నారు. అతను నల్ల బట్టలు వేసుకుంటాడని, విక్కా గురించిన పుస్తకాలు చదువుతాడని కోర్టులో అతనికి వ్యతిరేకంగా చూపించారు. 1994లో మరణశిక్ష వేశారు. 2011లో, ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం మీద అతనూ, అతనితో పాటు శిక్షపడిన మరో ఇద్దరూ విడుదలయ్యారు. మా అతిథికి ఈ సంగతి బాగా తెలుసు. టెక్సాస్‌లో ఆఫీసుకు వెళ్లేటప్పుడు తన నక్షత్రపు లాకెట్‌ను ఇప్పటికీ చొక్కా లోపలికే వేసుకుంటానని చెప్పింది.

పెట్టెలోని లాకెట్ విషయానికొస్తే, అన్నిటికంటే మంచి వస్తువు అదే. పది రూపాయల బిళ్లంత గుండ్రని చట్రంలో ఐదు గీతలు జడ అల్లినట్టు ఒకదాని కిందుగా ఒకటి, ఒకదాని మీదుగా ఒకటి పోతూ నక్షత్రమవుతాయి. అతుకుల దగ్గర టంకం బయటికి కనిపించకుండా శుభ్రంగా రుద్దారు. వెండి పూత పోలేదు, మెడ దగ్గర దురద రాలేదు. ఐదు కోణాల్లో నాలుగు భూమికి, నీటికి, నిప్పుకు, గాలికి గుర్తులని, పైకి ఉన్న ఐదోది ఆత్మకు గుర్తని మా అతిథి చెప్పింది. పంచభూతాలు వింటూ పెరిగిన మనకు ఇందులో భయపడవలసింది ఏమీ కనిపించదు. అయితే లాకెట్ లోపల సరిగ్గా ఉండగా, పెట్టె మీద మాత్రం నక్షత్రాన్ని తలకిందులు చేసి మేక తల వేశారు. అది 1966లో ఆంటన్ లావే స్థాపించిన చర్చ్ ఆఫ్ సేటన్ వాడే గుర్తు. విక్కాకూ దానికీ సంబంధం లేదు. తాము అమ్ముతున్న వస్తువు ఏ మతానిదో కూడా తెలుసుకోకుండా బొమ్మలు వేయించారని దీన్నిబట్టే అర్థమవుతున్నది.

ఈ లాకెట్‌లో ఉన్న గుర్తు కోసం ఒక సైనికుడి భార్య ఏడాదికి పైగా పోరాడవలసి వచ్చింది. ప్యాట్రిక్ స్టీవర్ట్ అనే అమెరికా సైనికుడు 2005 సెప్టెంబరులో అఫ్గానిస్తాన్‌లో చనిపోయాడు. అతను విక్కన్. సైనికుల స్మారక ఫలకాల మీద చెక్కడానికి అక్కడి ప్రభుత్వం ఆమోదించిన మతచిహ్నాలు ముప్పైకి పైగా ఉన్నా, వాటిలో ఈ నక్షత్రం లేదు. భార్య రాబర్టా స్టీవర్ట్ కోర్టుకు వెళ్లిన తర్వాత 2007 ఏప్రిల్‌లో ప్రభుత్వం రాజీకి వచ్చి ఆ గుర్తును జాబితాలో చేర్చింది. అప్పటికే, 1986లో, డెట్మర్ కేసులో అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు విక్కా కూడా మతమేనని, రాజ్యాంగ రక్షణ దానికీ వర్తిస్తుందని చెప్పి ఉంది. అయినా 1999లో టెక్సాస్‌లోని ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరంలో విక్కన్ సైనికులు పూజలు చేసుకుంటున్నారని తెలిసి పార్లమెంటు సభ్యులే అభ్యంతరపెట్టారు. కోర్టు గుర్తించిన పదమూడేళ్లకు కూడా పూజ చేసుకోవడానికి అంత రాద్ధాంతం జరిగిందంటే, అపోహ ఎంత గట్టిగా నాటుకుపోయి ఉంటుందో ఊహించవచ్చు. అటువంటి అపోహలనే ఈ అమ్మకందారు తెలుగులోకి తెచ్చి, డబ్బు తీసుకుని మనకు పంచుతున్నాడు.

కత్తి గురించి. పెట్టెలోని చీటీలో దీన్ని ‘బలికత్తి’ అని రాశారు. ఇది పూర్తిగా తప్పు. విక్కాలో దీన్ని అథామే అంటారు. పూజాస్థలం చుట్టూ గాలిలో వలయం గీయడానికి, శక్తిని ఒక దిక్కుకు మళ్లించడానికి గుర్తుగా పట్టుకుంటారే తప్ప దానితో ఏ ప్రాణినీ కోయరు. చాలామంది దానికి పదును కూడా పెట్టించరు. పెట్టెలో వచ్చిన కత్తికి మాత్రం కూరగాయల కత్తిని మించిన పదునుంది, ఒర వదులుగా ఉంది, తీసేటప్పుడు మా అమ్మాయి వేలు కొద్దిగా తెగింది. చివరికి సాన పట్టే అతని దగ్గరికి తీసుకుపోయి అంచును మొద్దు చేయించాం. పిడి చెక్క నునుపుగా, చేతిలో ఇమిడేలా బాగుంది కానీ, పిల్లలున్న ఇంటికి ఇంత పదునైన వస్తువును హెచ్చరిక లేకుండా పంపకూడదు.

ఇక చేతి పుస్తకం. ఈ పెట్టెలో నేను తీవ్రంగా తప్పుపట్టేది దీన్నే. నలభై పేజీల లోపు ఉన్న ఈ పుస్తకం మొదటి పేజీలోనే విక్కా అయిదు వేల ఏళ్ల నాటి రహస్య విద్య అంటుంది. నిజానికి ఇది ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లండులో రూపుదిద్దుకున్న మతం. సిలోన్, బోర్నియో, మలయాలలో తోటల్లోనూ, తర్వాత కస్టమ్స్ శాఖలోనూ పనిచేసి 1936లో స్వదేశం చేరిన గెరాల్డ్ గార్డనర్ దాన్ని లోకానికి పరిచయం చేశాడు. మంత్రశక్తులున్నాయని చెప్పుకోవడాన్ని నేరంగా చూసిన 1735 నాటి బ్రిటిష్ చట్టం 1951లో రద్దయింది. ఆ తర్వాతే, 1954లో, అతను తన మతం గురించి బహిరంగంగా పుస్తకం ప్రచురించగలిగాడు. నేడు విక్కన్లు చదివే ప్రార్థనల్లో చాలా భాగాన్ని తీర్చిదిద్దింది డోరీన్ వాలియంటే అనే కవయిత్రి. ప్రాచీన మతమే యూరప్ పల్లెల్లో రహస్యంగా బతికి వచ్చిందని 1921లో మార్గరెట్ మర్రే చేసిన వాదనను గార్డనర్ నమ్మాడు, తొలినాటి విక్కన్లూ నమ్మారు; చరిత్రకారులు దాన్ని ఎప్పుడో తోసిపుచ్చారు. విక్కన్ల పట్ల న్యాయంగా ఉండాలంటే వారి వైపు ఉన్న ఇలాంటి పొరపాట్లనూ చెప్పాలి. యూరప్‌లో 90 లక్షల మందిని మంత్రగత్తెలని కాల్చేశారని చేతి పుస్తకం రాసింది. చరిత్రకారుల అంచనా 40 వేల నుంచి 60 వేల వరకు. అందులో మగవారూ ఉన్నారు, కాల్చకుండా ఉరితీసిన వారూ ఉన్నారు. అమెరికాలో 1692 నాటి సేలం విచారణల్లో 19 మందిని ఉరితీశారు, ఒక్కరినీ కాల్చలేదు. వారెవరూ విక్కన్లు కారు. మామూలు క్రైస్తవ గ్రామస్థులు. యూరప్‌లో చనిపోయినవారి సంఖ్యను వంద రెట్లకు పైగా పెంచి చెబితే చనిపోయినవారికి ఒరిగేదేమీ లేదు.

కొమ్ములున్న దేవుడిని ‘సైతాను’ అని, అతన్ని పూజించేవారే విక్కన్లని పుస్తకం చెబుతుంది. సైతాను అనే భావన క్రైస్తవ, ఇస్లాం మతాలది. విక్కాలో అతనికి చోటే లేదు. అక్కడ ఉన్నది ఒక దేవత, ఒక దేవుడు. దేవతను కన్యగా, తల్లిగా, వృద్ధురాలిగా మూడు రూపాల్లో తలుస్తారు, దేవుడిని అడవికీ వేటకూ పశువులకూ అధిపతిగా కొమ్ములతో ఊహిస్తారు. ఏడాదికి ఎనిమిది పండుగలు, సూర్యగమనాన్నీ పంటకాలాన్నీ అనుసరించి వస్తాయి. అందరికీ పెద్ద అయిన గురువు గానీ, అందరికీ ఒకటే గ్రంథం గానీ లేవు. కొందరు చిన్న బృందాలుగా, కొందరు ఒంటరిగా పాటిస్తారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 జనాభా లెక్కల్లో తాము విక్కన్లమని సుమారు 13 వేల మంది, పేగన్లమని (ప్రకృతిని, ప్రాచీన దేవతలను కొలిచేవారమని) సుమారు 74 వేల మంది నమోదు చేసుకున్నారు. మన దేశంలోనూ కోల్‌కతాకు చెందిన ఇప్సితా రాయ్ చక్రవర్తి తాను విక్కన్‌నని 1980లలోనే బహిరంగంగా చెప్పుకున్నారు.

ఇవన్నీ ఒక ఎత్తు, చేతి పుస్తకం రెండో సగం ఒక ఎత్తు. ‘ఏడు రోజుల్లో వశీకరణం’, ‘శత్రువు నోరు కట్టు’, ‘విడిచి వెళ్లిన భర్త తిరిగి వచ్చే ప్రయోగం’ అనే శీర్షికలతో పేజీలకు పేజీలు నింపారు. మా అతిథికి మా అమ్మాయి ఇవి చదివి ఇంగ్లీషులో చెబుతుంటే ఆమె ముఖం చిన్నబోయింది. విక్కన్లు ప్రధానంగా చెప్పుకునే నియమం, ఎవరికీ హాని కలగనంతవరకు నీకు నచ్చినట్టు చేసుకో అనేది. మనిషి చేసినది మూడింతలై తిరిగి వస్తుందని వారిలో చాలామంది నమ్ముతారు. ఇంకొకరి మనసును వారికి ఇష్టం లేకుండా మార్చాలని చూడడమే ఆ నియమానికి విరుద్ధం కాబట్టి, వశీకరణం నేర్పే పుస్తకానికి విక్కా పేరు పెట్టడం ఆ మతానికి నేరుగా చేసిన ద్రోహం. దానికి తోడు, చివరి పేజీలో ఆకుపచ్చ కొవ్వొత్తి వెలిగిస్తే షుగరు తగ్గుతుందని, లాకెట్ కడిగిన నీళ్లు తాగితే మూర్ఛ పోతుందని రాశారు. తాయెత్తులు, మంత్రాలు, కవచాలతో రోగాలు నయమవుతాయని ప్రచారం చేయడాన్ని 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధించింది. ఈ మాటలు నమ్మి ఎవరైనా మందులు మానేస్తే దానికి బాధ్యులెవరు?

మిగిలిన వస్తువుల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. పానపాత్ర మంచి ఇత్తడి, చింతపండుతో తోమితే మెరిసింది. కొవ్వొత్తులు పొట్టివి, డాబా మీద గాలికి ఒకవైపే కరిగి గంటలోపే అయిపోయాయి. అగరుబత్తీల వాసన ఘాటు ఎక్కువ. నోటు పుస్తకం కాగితం మందంగా, ఇంకు అవతలికి ఊరకుండా ఉంది. విక్కన్లు తమ ప్రార్థనలను, అనుభవాలను రాసుకునే పుస్తకం అది.

అక్టోబరు 31 సాయంత్రం మా అతిథి డాబా మీద ఒక పీట వేసి, దాని మీద తన అమ్మమ్మ ఫొటో పెట్టింది. ఒక పళ్లెంలో ఉప్పు, పానపాత్రలో నీళ్లు, పక్కన కొవ్వొత్తి, మా వంటింట్లోంచి తీసుకున్న రెండు ఆపిల్ పండ్లు. అమ్మమ్మకు ఇష్టమైన వంటకం ఏదో చేద్దామనుకుంది గానీ ఇక్కడ దానికి కావలసినవి దొరకక, మా ఇంట్లో చేసిన గారెలే పెట్టింది. ఎదురింటామెను నేనే పిలిచాను. దాచిపెడితే అనుమానం పెరుగుతుంది గనుక తలుపులు తీసి ఉంచడమే మేలనిపించింది. ఆమె కాసేపు మెట్ల దగ్గరే నిలబడి చూసి, “ఇది మన పెత్రమాస లెక్కనే ఉన్నది గదా చిన్నా, పెద్దలకు పెట్టుకుంటున్నది” అని మా అమ్మాయితో అన్నది. ఆమె మాటను మా అమ్మాయి అనువదించి చెప్పగానే అతిథి పెత్రమాస గురించి అడిగింది. బతుకమ్మ మొదలయ్యే ఆ అమావాస్య గురించి, స్వయంపాకం ఇవ్వడం గురించి వాళ్లిద్దరూ మా అమ్మాయి మధ్యవర్తిత్వంతో చాలాసేపు మాట్లాడుకున్నారు. లతీఫ్ సాహెబ్ గుట్ట ఉర్సుకు హిందువులూ, పీర్ల పండుగకు ఊరంతా కదిలే జిల్లా ఇది. దూరదేశపు మతమొకటి మన డాబా మీద ఒక సాయంత్రం దీపం పెట్టుకుంటే తట్టుకోలేనంత ఇరుకైన మనసులు ఇక్కడి మామూలు జనానివి కావు. పెట్టె మీది పుర్రె బొమ్మ చూసి భయపడిన మనిషే, అసలు పూజను కళ్లారా చూసి భయపడలేదు. పనామె కూడా ఆ తర్వాత ఎప్పటిలా రావడం మొదలుపెట్టింది.

అమ్మకందారు కస్టమర్ కేర్‌కు ఫొటోలతో సహా మెయిలు రాశాను. రెండు విషయాలు అడిగాను: మతం పేరు మీద చేతబడి అనే మాటను తీసేయాలి, రోగాలు నయమవుతాయనే పేజీని తొలగించాలి. వస్తువు నచ్చకపోతే వాపసు పంపమని, డబ్బు తిరిగి ఇస్తామని జవాబు వచ్చింది. ఫోనులో మాట్లాడిన వ్యక్తి అలాంటి బొమ్మ లేకపోతే తెలుగు రాష్ట్రాల్లో పెట్టె అమ్ముడుపోదని చెప్పాడు. నాకు డబ్బు వాపసు అక్కర్లేదు. పెట్టె మీద తయారీదారు చిరునామా సరిగా లేకపోవడం, ఎంఆర్‌పీ మీద ఇంకో చీటీ అతికించి ఉండడం కూడా గమనించి, అన్నీ కలిపి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. అక్కడ పరిష్కారం దొరకకపోతే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలని నిర్ణయించుకున్నాను.

లాకెట్‌కు, పానపాత్రకు, నోటు పుస్తకానికి ఐదుకు నాలుగు ఇస్తాను. కత్తికి రెండు. చేతి పుస్తకానికీ, పెట్టె పైభాగానికీ సున్నా. విక్కాను పాటించే స్నేహితులో, చదువుకునే పిల్లలో ఎవరికైనా ఈ సామాను కావలసి వస్తే ఈ పెట్టె కొననవసరం లేదు. ఇత్తడి పాత్ర, కొవ్వొత్తులు, అగరుబత్తీలు, నోటు పుస్తకం మన గడియారం సెంటరు చుట్టుపక్కల దుకాణాల్లోనే దొరుకుతాయి. నక్షత్రం బొమ్మ గీసి ఇస్తే వెండి పని చేసేవారు లాకెట్ చేసి ఇస్తారు. ఇప్పటికే కొన్నవారు చేతి పుస్తకాన్ని పిల్లల చేతికి ఇవ్వకుండా ఫొటోలు తీసి, 1915కు మీరు కూడా ఫిర్యాదు చేయండి. ఫిర్యాదులు ఎక్కువైతేనే ఆ పెట్టె మీది బొమ్మ మారుతుంది.